బడి బయటి చదువు: బెజవాడ, గుంటూరు వాడల్లో సాధ్యాసాధ్యాలు

కాలువగట్టు (విజయవాడ):

సభ్యులందరికీ నమస్కారం. వలస పాలన మనకు విడిచిపోయిన విద్యావిధానం గురించి ఈ వేదికపై జరిగిన చర్చలన్నీ ఇంతవరకు పాఠ్యపుస్తకాల దగ్గరో, తెలుగు మాధ్యమమా ఇంగ్లీషు మాధ్యమమా అన్న ప్రశ్న దగ్గరో ఆగిపోయాయి. ఈసారి బడిని కాసేపు పక్కన పెట్టి, వాడలోని వారే ఒకరికొకరు నేర్పుకొనే చదువు గురించి మాట్లాడుకుందామని ఈ అంశం ప్రారంభిస్తున్నాను.

నన్ను ఈ ఆలోచనకు పురికొల్పినది బుడమేరు. 2024 సెప్టెంబరు 1న అది పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తింది. ఆ మరునాడు ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. మా చుట్టుపక్కల ఇంటర్మీడియట్ ఎంపీసీ చదివే పిల్లలకు కొదవ లేదు. గొట్టంలో ప్రవహించే నీటి వేగానికి సూత్రం అడిగితే తడుముకోకుండా చెబుతారు. తమ వీధిలోకి వచ్చిన నీరు ఎక్కడిదని అడిగితే మాత్రం ముఖాలు చూసుకుంటారు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుందనీ, వెలగలేరు దగ్గర దాని నీటిని మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోకి పంపుతారనీ, ఆ కాలువకు గండ్లు పడటమే ఈ ఉపద్రవానికి ఒక ముఖ్య కారణమనీ వారికి చెప్పినవారు లేరు. ఏరు పాత దారి ఏదో, ఏ పల్లంలో ఎప్పుడు ఇళ్లు లేచాయో చెప్పగల వృద్ధులు అదే వీధిలో అరుగుల మీద కూర్చుని ఉన్నారు. వారిని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ఎందుకంటే వారికి తెలిసినది చదువు కిందికి రాదని మనం పిల్లలకు చిన్నప్పుడే నేర్పేశాము.

1835 ఫిబ్రవరి 2న బ్రిటిషు అధికారి మెకాలే మన విద్యపై సమర్పించిన నివేదిక కోరుకున్నది, పాలించేవారికీ పాలితులకూ నడుమ దుబాసీలుగా పనిచేసే ఒక వర్గాన్ని. అటువంటి వర్గానికి తన వాడ తెలియనవసరం లేదు, పై అధికారి కాగితం చదవడం వస్తే చాలు. పాలకులు వెళ్లిపోయారు గాని, తన ఊరి గురించి తెలియకపోవడమే చదువుకున్నవాడి లక్షణమనే పద్ధతి మన దగ్గరే ఉండిపోయింది.

మా వీధిలో ఆదివారాలు పిల్లలనూ పెద్దలనూ కూర్చోబెట్టి, గోడల మీద నీటి మట్టం గుర్తులను కొలిపించి, ఒక పటం గీయించాలని ఉంది. ఇటువంటి ప్రయత్నాలు చేసినవారు, చేసి విసిగినవారు, అసలు వద్దనేవారు కూడా దయచేసి రాయండి.


పాతపలక (గుంటూరు):

మీ సంకల్పం మంచిది. అయితే ఈ అంశం మొదలైనప్పుడల్లా మెకాలేకు ముందు మనకు అంతా బాగుండేదన్న మాట ఎవరో ఒకరు అనడం, అక్కడినుంచి చర్చ దారి తప్పడం చూస్తూ ఉంటాను కనుక, ఉన్న లెక్కలను ముందే చెబుతాను.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో అన్ని జిల్లాల కలెక్టర్లనూ బడుల వివరాలు అడిగాడు. వారి జవాబులను క్రోడీకరించి 1826 మార్చిలో ఆయన రాసిన నివేదిక ప్రకారం, 1,28,50,941 మంది జనాభా ఉన్న మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. గుంటూరు జిల్లాలో 574 బడులు, మచిలీపట్నం జిల్లాలో 484 బడులు లెక్కకు వచ్చాయి. ఇళ్లలో చదువు నేర్చుకొనేవారిని కూడా కలుపుకొంటే ఐదు నుండి పదేళ్ల మగపిల్లల్లో దాదాపు మూడో వంతు మంది ఏదో ఒక విధంగా చదువుతున్నారని మన్రో అంచనా వేశాడు. చరిత్ర పరిశోధకుడు ధరంపాల్ 1983లో ఈ కాగితాలన్నిటినీ అచ్చు వేయించిన తరువాతనే ఈ సంగతి సామాన్య పాఠకులకు చేరింది.

వీటిలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచేది బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో రాసిన జవాబు. ఈయన తెలుగు వ్యాకరణం రాసిన క్యాంబెలే. బడులు ఎందుకు క్షీణిస్తున్నాయన్న ప్రశ్నకు ఆయన ప్రజల అజ్ఞానాన్ని కారణంగా చూపలేదు. దేశం క్రమంగా పేదదవుతున్నదనీ, ఐరోపా బట్టలు వచ్చి ఇక్కడి నేతగాళ్ల జీవనాన్ని దెబ్బ తీశాయనీ, పిల్లలకు చదువు చెప్పించే స్తోమత తల్లిదండ్రులకు తగ్గిందనీ రాశాడు. మెకాలే నివేదికకు పన్నెండేళ్ల ముందే మన వీధి బడి ఆకలితో చిక్కిపోతూ ఉన్నదన్నమాట.

ఇంకొక విచిత్రం కూడా చెప్పకుండా ఉండలేను. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయాన్ని 1789 నుండి నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతినే తన బడిలో ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు పాఠం చెప్పించాడు. 1797లో లండన్‌లో దానిని ప్రచురిస్తే అది మద్రాసు పద్ధతి అనే పేరుతో ఇంగ్లండులోని పేదల బడులకు పాకింది. మన అరుగు మీది పద్ధతి వాళ్ల దేశానికి వెళ్లింది, వాళ్ల గుమస్తా చదువు మన దేశానికి వచ్చింది.


గోడకవతల (తెనాలి):

పాతపలక గారు లెక్కలు చెప్పారు. ఆ లెక్కలలో లేనివారి గురించి నేను చెబుతాను. కలెక్టర్లు పంపిన పట్టికలలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు అని గడులు ఉన్నాయి, చివర ఇతరులని ఒక గడి ఉంది. తమిళ జిల్లాలతో పోలిస్తే మన తెలుగు జిల్లాల బడుల్లో శూద్రుల పాలు కూడా బాగా తక్కువే. బాలికలు మరీ స్వల్పం, ఆ స్వల్పంలోనూ చాలాచోట్ల దేవదాసీ కుటుంబాల పిల్లలే ఉన్నారు. మాల మాదిగ పిల్లలకు ఆ అరుగు ఎక్కే హక్కే లేదు. కనుక పాత వీధి బడిని చూపించి ఇదిగో మన సొంత చదువు అని ఎవరైనా అంటే, ఆ మాటలో మేము లేమని ముందే మనవి చేసుకుంటున్నాను.

1842 జులై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టాడు. ఆ లూథరన్ మిషను బడులే మా తాతల కాలానికి మా కుటుంబం చేతికి పలక ఇచ్చాయి. వాళ్ల ఉద్దేశం మతప్రచారమని మాకు తెలియక కాదు, వాళ్లు మన పాటలను, పండుగలను చిన్నచూపు చూశారన్నది కూడా నిజమే. కాని తలుపు తెరిచినవాడు పరాయివాడు, మూసినవాడు ఇంటివాడు అయినప్పుడు ఎవరి నుండి విముక్తి అనే ప్రశ్నకు మా వీధిలో వచ్చే జవాబు మీ వీధిలో వచ్చే జవాబులాగా ఉండదు. వినుకొండలో పుట్టిన జాషువా బడిలో పడిన అవమానాలు ఈ జిల్లాలో అందరికీ తెలిసినవే, అవి మెకాలే పెట్టినవి కావు. 2019లో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చే ఉత్తర్వు వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దానిని కొట్టివేసినప్పుడు, పట్టణాల్లో తమ పిల్లలను ఇంగ్లీషులో చదివించుకుంటూ మాకు మాతృభాష గొప్పదనం బోధించినవారిని మేము మరచిపోలేదు.

అయినా కాలువగట్టు గారి పని నాకు నచ్చింది. వీధిలోని పెద్దలంటే ఎవరు? రామాలయం అరుగు మీద కూర్చునేవారా, మునిసిపాలిటీ కాలువ తీసే పెద్దమనిషి కూడానా? దీనికి జవాబు వచ్చాక మిగతా సంగతులు మాట్లాడతాను.


కాలువగట్టు (విజయవాడ):

గోడకవతల గారూ, మీ ప్రశ్నకు జవాబు సూటిగానే చెబుతాను. బుడమేరు విషయంలో ఎక్కువ తెలిసినవారు కాలువ పూడిక తీసేవారే. ఏ కల్వర్టు కింద చెత్త ఎక్కడ చిక్కుకుంటుందో ఇంజనీరు కంటె వారికి బాగా తెలుసు. వారు రానిదే పటం పూర్తి కాదు.


మగ్గంగుంట (మంగళగిరి):

మాది చేనేత కుటుంబం. మా వీధిలో రెండేళ్లుగా సాయంత్రాలు పిల్లలను పోగు చేసి, మగ్గం ఆధారంగా లెక్కలు, కొలతలు, మన ఊరి వ్యాపారం సంగతులు మాట్లాడుకుంటున్నాము. దానికి పేరు పెట్టలేదు, బోర్డు కూడా లేదు.

ఒక సాయంత్రం ఎలా గడుస్తుందో చెబుతాను. నేత అయిపోయిన మగ్గం మీదికి కొత్త పడుగు (నిలువు పోగులు) ఎక్కించాలంటే, పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్క పోగు చొప్పున కలపాలి. దీనిని మేము అచ్చు అతకడం అంటాము. మా పిన్ని ఆ పని చేస్తుంది. వేలి కొసలకు కాస్త బూడిద అద్దుకుని, ఎడమచేతితో రెండు కొసలు పట్టి, కుడిచేతి బొటనవేలితో ఒక్క నలుపు నలిపి వదిలితే ముడి లేకుండా పోగు అతుక్కుంటుంది. పిల్లలు పక్కన కూర్చుని, 48 అంగుళాల పన్నాకు (వెడల్పుకు) అంగుళానికి 80 పోగుల చొప్పున ఎన్ని అతుకులు వేయాలో లెక్క కడతారు. 3,840 అని జవాబు రాగానే పిన్ని వైపు చూస్తారు. ఆమె సంతకం మాత్రమే నేర్చుకున్న మనిషి, ఆ అంకె విని నవ్వి, అంచు దగ్గర పోగులు ఒత్తుగా పడతాయి గనుక మీ లెక్క తక్కువ వచ్చిందని చెబుతుంది. అంచుకు వేరే లెక్క కట్టి మళ్లీ కూడతారు. ఆ తరువాత మీటరుకు నూలు ఖర్చు ఎంత, మజూరీ ఎంత, షోరూములో ధర ఎంత అన్న లెక్కకు వస్తే పిల్లల ముఖాలు మారిపోతాయి. క్యాంబెల్ రెండు వందల ఏళ్ల కిందట రాసిన సంగతి మా వీధి పిల్లలు ఆ లెక్కలోనే గ్రహిస్తారని పాతపలక గారి టపా చదివాక అనిపించింది.

చిక్కులు లేకపోలేదు. పిల్లలను మళ్లీ మగ్గం గుంటలోకి దింపడానికే ఇదంతా చేస్తున్నావా అని మొదట అడిగినది మా నాన్నగారే.


గోడకవతల (తెనాలి):

మీ నాన్నగారు అడిగినది న్యాయమైన ప్రశ్న. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన పథకం గుర్తు చేసుకోండి. పిల్లలకు సగం పూట బడి, మిగతా సగం పూట ఇంటి వృత్తి అన్నారు. చాకలి కొడుకు చాకలి పని, కుమ్మరి కొడుకు కుమ్మరి పని నేర్చుకోవడమే అందులో జరిగేది గనుక జనం దానిని కులవిద్య అన్నారు. మరుసటి ఏడు రాజాజీ పదవి నుండి తప్పుకున్నాక పథకాన్ని ఎత్తివేశారు. పథకం వచ్చిన 1953లోనే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది గనుక మనవైపు ఆ గొడవ పెద్దగా గుర్తులేదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు కూడా బడి వేళల తరువాత కుటుంబ వృత్తిలో పిల్లలు సాయపడవచ్చునని వెసులుబాటు ఇచ్చారు. మగ్గం లెక్కలు నేత పిల్లలకే, చెప్పు లెక్కలు మాదిగ పిల్లలకే అయితే దానికి ఎంత మంచి పేరు పెట్టినా అది కులవిద్యే. మీ సాయంత్రాలకు ఇతర వీధుల పిల్లలు వస్తారా?


మగ్గంగుంట (మంగళగిరి):

వస్తారు, కాని తక్కువ. రజకుల వీధి నుండి, కొండ దిగువ నుండి కొందరు వస్తారు. మా పిల్లలు వారి ఇళ్లకు వెళ్లడం ఇంకా మొదలు కాలేదు. ఇది ఒకవైపు మాత్రమే నడుస్తున్నదన్న మాట నేను ఒప్పుకోవాలి.


ఉప్పుబాట (బాపట్ల):

పరాయి పాలకుల బడి తలుపు తెరిచిందని గోడకవతల గారు రాశారు. అదే కాలంలో, అదే గుంటూరు జిల్లాలో, ఆ బడిని బయట గడియ పెట్టిన తలుపుగా చూసినవారు కూడా ఉన్నారు గనుక రాస్తున్నాను.

1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని తరువాతి కాలంలో మద్రాసు రాజధానికి కూడా విస్తరించి, ఎరుకల వారిని పుట్టుకతోనే నేరస్థులుగా రాశారు. అంతకు పూర్వం మా వారు కోస్తాలో ఉప్పు కొనుక్కుని పశువుల మీద వేసుకుని మెట్ట ప్రాంతాలకు తీసుకువెళ్లి ధాన్యానికి మార్చుకునేవారు, బుట్టలు, తట్టలు అల్లేవారు, ఎరుక చెప్పేవారు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, రైలుబండ్లు వచ్చి ఆ బాట మూసుకుపోయింది. 1910 దశకంలో స్టువర్టుపురంలోనూ, బెజవాడకు ఏటి అవతల ఉన్న సీతానగరంలోనూ సెటిల్‌మెంట్లు పెట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించారు. అక్కడ హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు, పిల్లలు బడికి పోవాలి. పిల్లలను తల్లిదండ్రుల ప్రభావం నుండి తప్పించడమే ఆ బడి ఉద్దేశమని పాలకులు దాపరికం లేకుండానే చెప్పుకున్నారు. 1952లో చట్టం రద్దయింది. కాని మా భాష ఇంట్లో మాత్రమే మాట్లాడుకోవాలని, బడిలో మాట్లాడితే గుర్తుపడతారని భయపడే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

అందువల్ల నిర్బంధ విద్య అన్న మాట మీకు వినిపించినట్లు మాకు వినిపించదు. మా పిల్లలు బడికి పోవద్దని నేను అనడం లేదు. వారు పోవాలి, పెద్ద ఉద్యోగాలు చేయాలి. కాని ఆ బడిలో వారి అవ్వకు తెలిసినది కూడా తెలివే అని చెప్పేవారు ఒకరైనా ఉండాలి. న్యూజిలాండులో ఆదివాసులైన మావోరీలు 1982లో కోహంగా రేయో అనే శిశు కేంద్రాలు ప్రారంభించి, అమ్మమ్మలు, తాతలచేతనే పసిపిల్లలకు తమ భాష పట్టుబడేట్లు చేశారు. ప్రభుత్వం బడులు కట్టేవరకు వారు ఆగలేదు. మా భాషకు లిపి లేదు, అవ్వలు ఇంకా ఉన్నారు.


పాతపలక (గుంటూరు):

ఉప్పుబాట గారి టపాకు జోడించవలసినది నా దగ్గర ఏమీ లేదు. దీనిని అందరూ మరొకసారి చదవాలని మాత్రం కోరుతున్నాను.


పటమట తల్లి (విజయవాడ):

పెద్ద చర్చ మధ్యలో చిన్న ప్రశ్న అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పెద్దబ్బాయి కార్పొరేట్ కాలేజీ హాస్టలులో రెండేళ్లు ఉదయం ఐదు గంటల స్టడీ అవరుతో మొదలై రాత్రి పది దాకా బట్టీ పట్టి, సీటు తెచ్చుకున్నాడు గాని నిద్ర పోగొట్టుకున్నాడు. తొమ్మిదేళ్ల మా అమ్మాయిని ఆ బాటలో పంపదలచుకోలేదు. బడి మాన్పించి, ఇంటి దగ్గర, ఇటువంటి వీధి కూటముల్లో చదివిస్తే చట్టం ఒప్పుకుంటుందా? రేపు పదో తరగతి పరీక్ష ఎలా రాస్తుంది?


పాతపలక (గుంటూరు):

అమ్మా, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్పించని తల్లిదండ్రులకు ఆ చట్టంలో శిక్ష రాయలేదు. గుర్తింపు లేకుండా బడి నడిపేవారికి మాత్రం లక్ష రూపాయల వరకు జరిమానా, ఆపైనా నడిపితే రోజుకు 10,000 రూపాయల దాకా ఉంది. ఆదివారం కూటమి బడి కాదు గనుక కాలువగట్టు గారికి ఆ బెంగ అక్కరలేదు. పగలంతా పది మంది పిల్లలను కూర్చోబెట్టి ఫీజు వసూలు చేస్తే అప్పుడు ఆలోచించుకోవాలి.

పరీక్షకు సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) దారి ఉంది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి నేరుగా నమోదు చేసుకోవచ్చును. పది ఉత్తీర్ణులై 15 నిండితే ఇంటర్మీడియట్‌కు. జాతీయ సార్వత్రిక విద్యాపీఠంలో అంతకంటె చిన్న పిల్లలకు మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానమైన స్థాయిలు కూడా ఉన్నాయి. అయితే మీ పాపను బడి మాన్పించమని నేను సలహా ఇవ్వను. దగ్గరలో ఒత్తిడి లేని ఒక మామూలు బడిలో ఉంచి, సాయంత్రాలు, సెలవులు ఈ చదువుకు కేటాయించండి. ఇంటి చదువు అనేది తీరిక, చదువు ఉన్న తల్లి ఒకరు పూర్తిగా కూర్చుంటేనే నడుస్తుంది. అందువల్ల అది కలిగినవారి ఏర్పాటుగా మిగిలిపోతుందేమోనని నా సందేహం.


నల్లరేగడి (ప్రత్తిపాడు):

ఇంతవరకు అందరూ పిల్లల గురించే మాట్లాడారు. వాడ చదువు పెద్దలతో మొదలైతే పిల్లలు వారంతట వారే వచ్చి చేరతారన్నది నా అనుభవం.

పొలంబడి గురించి మీలో కొందరికైనా తెలిసి ఉంటుంది. 1989లో ఇండోనేషియాలో, పురుగుమందులు కొట్టేకొద్దీ వరిలో సుడిదోమ పెరిగిపోతున్నదని గమనించి, రైతులే పొలంలో దిగి చూసి నిర్ణయించుకొనే క్షేత్ర పాఠశాలలు ప్రారంభించారు. అవి మన రాష్ట్రానికి వచ్చి పొలంబడులు అయ్యాయి. తెల్లవారుజామున చేలోకి దిగి కొన్ని మొక్కలు ఎంచుకుని, ఆకు తిరగేసి, శత్రు పురుగులెన్ని, మిత్ర పురుగులెన్ని లెక్కపెట్టి, గట్టు మీదికి వచ్చి పెద్ద కాగితం మీద బొమ్మ గీసి, మందు కొట్టాలా వద్దా అని వాదించుకుంటారు. అధికారి చెప్పాడని కొట్టడం, మందుల దుకాణదారు చెప్పాడని కొట్టడం అక్కడ కుదరదు.

2021-22లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఏం జరిగిందో గుంటూరు వారికి చెప్పనక్కరలేదు. పూలలో దూరి కూర్చునే ఆ పురుగు మన మిరప రైతులకు కొత్తది. తాత ముత్తాతల జ్ఞానంలో దానికి మందు లేదు, పురుగుమందుల దుకాణంలోనూ లేదు. మందు మీద మందు కొట్టినవారు అప్పుల్లో మునిగారు. పూలు విదిల్చి తెల్ల కాగితం మీద పురుగులు లెక్కపెట్టినవారు, నీలి జిగురు అట్టలు పెట్టినవారు, చేల గట్ల మీద జొన్న, మొక్కజొన్న వేసుకున్నవారు కొంతలో కొంత నిలదొక్కుకున్నారు. అందుచేత మన జ్ఞానం అంటే పాతదని, శాస్త్రం అంటే పరాయిదని గీత గీసుకోవడం నాకు సరిపడదు. చూసేది ఎవరు, లెక్క పెట్టేది ఎవరు, నిర్ణయం ఎవరిది అని అడిగితే తేడా తెలుస్తుంది.

రైతు సాధికార సంస్థ 2016 నుండి నడుపుతున్న ప్రకృతి సాగు కార్యక్రమంలో కూడా సాటి రైతులే శిక్షకులు, వారిలో స్వయం సహాయక బృందాల ఆడవారు చాలామంది. మా ఊరిలో ఘన జీవామృతం (పేడతో చేసే ఎరువు) కలపడం నేర్పినది ఏడో తరగతి చదివిన ఒక కౌలు రైతు భార్య. వ్యవసాయ డిప్లొమా చేసిన మా బావమరిది ఆమె ముందు నోట్సు రాసుకున్నాడు.


అట్టలేని పుస్తకం (విజయవాడ):

బయటి దేశాల ఉదాహరణలు మంచివే గాని, మన కాలువల మీదే జరిగిన సంగతి ఎవరూ ఎత్తకపోవడం వింతగా ఉంది. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశంలోని గ్రంథాలయ నిర్వాహకులు మొదటిసారి ఒకచోట చేరి సంఘం పెట్టుకున్నది ఈ బెజవాడలోనే. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ఊపిరి. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో పెదపాలెం గ్రంథాలయం వారు పుస్తకాలను పడవకెక్కించి, కొల్లిపర నుండి పెదవడ్లపూడి దాకా కాలువ మీద తిప్పారు. పడవలో ప్రయాణం చేసేవారు అందులోనే చదువుకునేవారు. నిడుబ్రోలులో ఆచార్య రంగా గారు 1930 దశకంలో రైతులకోసమే విద్యాలయం పెట్టి, జమీందారీ, అప్పు, పన్ను వంటి విషయాలను రైతుకు అర్థమయ్యేలా బోధించారు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు గుంటూరులో పెట్టిన శారదా నికేతనం, అంతకుముందు 1910లో బందరులో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల కూడా ప్రభుత్వ విద్యకు వెలుపల, దానికి పోటీగా పుట్టినవే. బందరు కళాశాలలో చదువుతోపాటు చేతిపనులు నేర్పేవారు, ప్రమోదకుమార్ చటర్జీ వచ్చి చిత్రలేఖనం చెప్పారు.

ఇవన్నీ ఎందుకు నిలవలేదు? నా దృష్టిలో ప్రధాన కారణం ఉద్యోగం. ప్రభుత్వ పరీక్ష కాగితం లేనిదే గుమస్తాగిరీ కూడా దొరకని చోట, జాతీయ విద్య చదివినవాడి కాగితాన్ని గౌరవించినవారు కొద్దిమందే. స్వాతంత్ర్యం వచ్చాక జాతీయ ప్రభుత్వం కూడా పాత కాగితాన్నే అడిగింది.


గోడకవతల (తెనాలి):

గ్రంథాలయోద్యమం గొప్పదే. ఊరి నడుమ ఉన్న గ్రంథాలయం గుమ్మం ఎక్కడం మాల మాదిగ వాడలవారికి ఎంత తేలికో కూడా ఆ చరిత్రలో భాగమే. ఈ విషయంలో నేను గౌరవించే ఉదాహరణ గోరా గారిది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో పటమటకు మార్చారు. వయోజనులకు చదువు చెప్పడం, అన్ని కులాలవారూ ఒకే బంతిలో కూర్చుని తినడం ఆయన దగ్గర రెండూ కలిసే నడిచాయి. కలిసి తినలేని వీధిలో కలిసి నేర్చుకోవడం అనేది కొద్ది రోజుల ముచ్చట.


మగ్గంగుంట (మంగళగిరి):

కాగితం సంగతికి వస్తాను, మా వీధిలో తల్లులు అడిగేది అదే. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచి లేకుండా స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని చూసి నేర్చుకోవాలని చెప్పింది. వినడానికి బాగుంది. ఒక బడివారు పిల్లలను మా మగ్గాల దగ్గరకు తీసుకువచ్చారు, ఫోటోలు తీసుకున్నారు, మా పిన్నికి శాలువా కప్పారు, గంటలో వెళ్లిపోయారు. పిల్లల నివేదికలకు మార్కులు వేసినది ఎప్పుడూ అచ్చు అతకని ఉపాధ్యాయుడు. మా పిన్నిని అడిగితే ఎవరికి చేయి తిరిగిందో, ఎవరికి తిరగలేదో చెప్పగలదు; ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు. పనితనానికి ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ పథకాలలో కూడా పరీక్షించడానికి వచ్చేవారు ట్యాబు పట్టుకుని వచ్చిన కుర్రవాళ్లు. నలభై ఏళ్లు నేసినవారు వారి ముందు పరీక్ష ఇవ్వాలి.

పరీక్షించే అధికారం వాడ పెద్దల చేతికి రానంతవరకు మనం ఎన్ని కూటములు పెట్టినా అవి బడికి అనుబంధంగానే ఉంటాయి. దీనికి ఉపాయం ఏమిటో నాకు తోచడం లేదు.


నల్లరేగడి (ప్రత్తిపాడు):

పొలంబడిలో పరీక్ష చివర కాగితం మీద పెట్టరు. నేలకు గుచ్చిన కర్రల మధ్య మొక్కలను చూపించి, ఇది ఏ పురుగు తిన్న ఆకు, ఇది ఏ లోపం అని అడుగుతారు. ప్రశ్నలు తయారు చేసేటప్పుడు పాత రైతులను కూడా కూర్చోబెట్టుకుంటే వారు అడిగే ప్రశ్నలు అధికారుల ప్రశ్నల కంటె కఠినంగా ఉంటాయి. మీ పిన్నిగారి చేత ముందు మీ వీధిలోనే అలాంటి పరీక్ష ఒకటి పెట్టించండి. ప్రభుత్వం గుర్తించేది లేనిది తరువాత చూద్దాము. షోరూము వారు, సహకార సంఘం వారు ఆమె మాటకు విలువ ఇస్తే అది చాలా దూరం పోతుంది.


పటమట తల్లి (విజయవాడ):

పాతపలక గారి సలహా ప్రకారం అమ్మాయిని బడిలోనే ఉంచుతున్నాను. కాలువగట్టు గారూ, మీ ఆదివారం కూటమికి పటమట నుండి పిల్లలను తీసుకురావచ్చా? మా వైపు బందరు కాలువ ఉంది, దాని గురించి కూడా వారికి ఏమీ తెలియదు.


కాలువగట్టు (విజయవాడ):

తప్పకుండా రండి. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మూడూ ఈ నగరం గుండానే పోతున్నాయి; 1855లో కెప్టెన్ ఆర్ అనే ఇంజనీరు కృష్ణా నది మీద ఆనకట్ట పూర్తి చేయించినప్పటి నుండి డెల్టా బతుకు వీటి మీదే నడిచింది. వలస పాలన కట్టినదని ఆనకట్టను ఎవరూ కాదనరు. దాని కింద నీరు ఎవరి పొలానికి ముందు పారింది, శివారు భూములకు ఎందుకు అందలేదు అన్నది పిల్లలచేత అడిగించాలి. దీనికి లాకుల దగ్గర పనిచేసి విరమించిన ఒక లస్కరు గారిని అడిగాను, వస్తానన్నారు.

ఇక్కడి చర్చ చదివాక నా ప్రణాళికలో కొన్ని మార్పులు చేశాను. మొదటి కూటమి మా వీధి అరుగు మీద కాకుండా, పూడిక తీసే కార్మికుల కాలనీలోని సామాజిక భవనంలో పెడుతున్నాను. పటం మీద గుర్తులు పెట్టేటప్పుడు ఏది సరైనదో తేల్చేది వారే. గోడ మీద నీటి గుర్తు కొలవడానికి టేపు, సున్నం, పాత రెవెన్యూ పటం నకలు నేను తెస్తాను. ఇంటర్ పిల్లలు ఎత్తులు లెక్క కడతారు. భోజనం అక్కడే, అందరికీ కలిపి.


గోడకవతల (తెనాలి):

వంట ఎవరు చేస్తున్నారు?


కాలువగట్టు (విజయవాడ):

కాలనీలోని ఆడవారు చేస్తామన్నారు. కూలి ఇచ్చే మాట కూడా అయింది. మీరు రెండో ఆదివారం వచ్చి తెనాలి వైపు మిషను బడుల సంగతి పిల్లలకు చెప్పగలరా?


గోడకవతల (తెనాలి):

వస్తాను. మా నాయనమ్మ చదివిన బడి రిజిస్టరులోని ఒక పుట నకలు మా ఇంట్లో ఉంది. తండ్రి వృత్తి అన్న గడిలో ఏం రాశారో పిల్లలే చదవాలి, అందుకని పెద్దదిగా జిరాక్సు తీయించి తెస్తాను. ఉప్పుబాట గారూ, మీకు వీలైతే అదే రోజు రండి, ఆ రెండు బడుల సంగతి ఒకేచోట వింటేనే పిల్లలు సరిగా ప్రశ్నలు అడుగుతారు.


ఉప్పుబాట (బాపట్ల):

మా అవ్వను తీసుకువస్తాను. ఆమె మాట్లాడేది మా భాషలోనే. నేను పక్కన కూర్చుని తెలుగులో చెబుతాను. బాపట్ల నుండి ఉదయం రైలు అందుకుంటే పది గంటలకల్లా బెజవాడలో ఉంటాము. కాలనీకి ఏ బస్సు ఎక్కాలో రాయండి.